లోపల ఆయన ఉన్నడు

బతుకమ్మ సెలవులకు ముందు మా వాడలోకి పోలీసు జీపు వచ్చింది. పైన మైకు. ఊళ్ళకు పోయేవాళ్ళకు జాగ్రత్తలు చెబుతున్నారు. "ఇంట్ల మనుషులు ఉన్నట్టే కనవడాలె. బయటికి తాళం కనవడనియ్యకుండ్రి. ఒక లైటు ఏసి పోండ్రి. గడప ముందర ఒక జత చెప్పులు ఇడిసిపెట్టుండ్రి."

బియ్యం కడుగుతున్నదాన్ని అట్లాగే నిలబడిపోయాను. ముందు నవ్వు వచ్చింది. ఇవన్నీ మా పక్కింటి అక్క ఏనాడో కనిపెట్టినవే కదా, వీళ్ళకు ఇప్పుడు తెల్లారిందా అని. ఆ నవ్వు సగంలో ఉండగానే ఏడుపు ముంచుకొచ్చింది. మా ఆయన హాల్లోంచి "ఏమైందే?" అని అడిగితే "ఉల్లిగడ్డ" అన్నాను. నా ముందు ఉల్లిగడ్డ లేదు.

ఎండాకాలం చివర్లో పోయింది ఆమె. పోయినప్పటి నుంచి ఆమె గురించి రాయాలని, రాయవద్దని ఒకటే గుంజాటన. రాస్తే ఆమె తిడుతుంది. "ఇంట్ల సంగతులు కాయితం మీద పెడుతరానే? దొంగలకు సదువు రాదనుకున్నవా?" అంటుంది. తిట్టనీ. తిట్టడానికి ఉంటే అదే చాలు నాకు.

నేను పెళ్ళయి కొత్తవాడకు వచ్చిన కొత్తలో ఆమె గొంతే ముందు పరిచయమైంది. మా ఇంటికీ ఆమె ఇంటికీ ఒకటే గోడ. ఈ పక్క పోపు వేస్తే ఆ పక్క తుమ్ము వచ్చేంత గోడ. సుబేదారిలో ఆఫీసు చూసుకొని సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అవతల నుంచి వినిపించేది.

"ఇగో, నిన్నే! అన్నం సల్లారుతాంది, లెవ్వు."

కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ ఆమే. "ఆ పేపర్ల మొకం పెడితె లోకం యాదికుండదు నీకు. ఉప్పు సరిపోయిందా? సరిపోకుంటె చెప్పు, ఊకె తలకాయ ఊపకు."

ఎంత బుద్ధిమంతుడమ్మా ఈమె మొగుడు అనుకున్నాను. ఒక్క మాట ఎదురు చెప్పడు, కూరకు వంక పెట్టడు. ఒక రోజు మా ఆయనతో పోట్లాట వచ్చినప్పుడు ఆ మాటే అన్నాను. "పక్కింటాయనను చూసి నేర్చుకో. భార్య ఎంత అన్నా కిక్కురుమనడు."

మా ఆయన కోపం మరిచిపోయి పడీ పడీ నవ్వాడు. "ఎట్లంటడు? ఆ ఇంట్ల మొగోడే లేడు."

ఆయన ఉన్నాడు గానీ ఇక్కడ లేడు. జంపఖానాలు నేసే మనిషి. అన్నతో పంచాయితీ పెట్టుకుని, మగ్గం వదిలేసి, మరమగ్గాల పనికి భీవండి వెళ్ళిపోయాడు. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాని రోజులు. మొదట్లో ఎవరి చేతనో కబురు పంపేవాడట. తరువాత అదీ లేదు. ఆయన తమ్ముడు ఒకసారి వెతుక్కుంటూ పోతే ఆ కార్ఖానాలో మానేసి వేరే దాంట్లో చేరాడన్నారు. వేరేది ఏదో ఎవరికీ తెలియలేదు. ఆయన పోయిన కొన్నాళ్ళకే ఈమె ఇంట్లో దొంగలు పడ్డారు. చుట్టిన నూలు కండెలు ఇచ్చి వద్దామని సేటు దగ్గరికి పోయి, మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి తలుపు ఊడి ఉంది. ఇత్తడి బిందెలు, పెళ్ళి చీర, ఆయన రేడియో పోయాయి. రాసుకోవడానికి వచ్చిన కానిస్టేబుల్ గోడకు ఆనుకుని, "ఇంట్ల మొగోడు లేడని తెలిసే అచ్చిండ్రు, అమ్మా" అన్నాడట.

ఆ కానిస్టేబుల్ ఆ మాట అనేసి బండెక్కి వెళ్ళిపోయాడు. ఆమె మాత్రం దాన్ని బతుకంతా మోసింది. ఇంట్లో మగవాడు లేడని తెలిస్తే కదా దొంగ వచ్చేది? అయితే తెలియనివ్వొద్దు. అంతే. మరుసటి రోజే పోయి ఒక జత మగవాళ్ళ చెప్పులు కొనుక్కొచ్చి గడప ముందు పెట్టింది.

ఊరికే పెట్టి వదిలేస్తే ఆమె మా అక్క ఎందుకవుతుంది? ఆ చెప్పులకు డ్యూటీ ఉండేది. పొద్దున లోపలికి తీసేది, ఆయన పనికి పోయినట్టు. సాయంత్రం మళ్ళీ గడప ముందుకు వచ్చేవి. ఆదివారం పొద్దంతా అక్కడే, ఆయనకు సెలవు. వాన పడిన రోజు ఆమె వాటిని తొడుక్కొని నల్లా దాకా టపటపా నడిచి బురద చేసుకొచ్చేది. "కొత్త లెక్క మెరుస్తాంటె దొంగ నమ్ముతడా?" అని నాకు పాఠం. దండెం మీద ఒక లుంగీ, ఒక అంగీ ఎప్పుడూ ఆరుతుండేవి. ఎవరూ తొడగని బట్టలు వారం వారం ఉతికి, నీలం పెట్టి, జాడించి ఆరేసేది. ఉతికి ఉతికి అంగీ కాలరు చిరిగితే కుట్టుకుంది కూడా.

బీడీల సంగతి ఇంకా చిత్రం. సాయంత్రం ఒక బీడీ ముట్టించి కిటికీ చువ్వల మధ్య గుచ్చేది. ఆ వాసన ఆమెకు అస్సలు పడదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతుంటే, "ఎన్నిసార్లు చెప్పిన్నయ్యా, ఇంట్ల తాగకుమని!" అని కిటికీని తిట్టేది. నిజంగా తిట్టేది. అది విని ఒకసారి మా అత్తగారు కూడా, "ఏమో మరి, అచ్చిండా ఏంది?" అని గోడకు చెవి పెట్టింది.

ఇక దగ్గు. అదేం దగ్గండీ! అర్ధ శతాబ్దం చుట్ట తాగినవాడికి కూడా అట్లాంటి దగ్గు రాదు. గొంతులో కంకర పోసి కలిపినట్టు. ఎవరైనా కొత్త మనిషి తలుపు కొడితే ముందు లోపల నుంచి దగ్గు వచ్చేది, తరువాత ఆమె వచ్చేది. తలుపు సందులోంచి, "ఏం గావాలె? లోపల ఆయన ఉన్నడు, జర పానం మంచిగ లేదు" అనేది. ఆ మాట ఆమె నోట నేను విన్నన్నిసార్లు ఇంకే మాటా వినలేదు. కేబులువాడికి అదే, చందాలవాళ్ళకు అదే, ఓట్లడగడానికి వచ్చినవాళ్ళకూ అదే. ఆయన ఓటు కూడా మీకే అని మాట ఇచ్చి పంపేది.

వాడలో అందరికీ తెలుసు. అందరూ ఆటలో కలిసేవారు. మూల మీద ఇస్త్రీ బండి అన్న, "ఏమక్కా, బావ డ్యూటీకి పోయిండా?" అంటే, "పోయిండు, నీ లెక్క పొద్దుగాల్ల సందే చాయ్ తాక్కుంట కూసుంటడా?" అని అంటించేది. ముఖంలో నవ్వు ఉండదు. అవతలివాళ్ళు నవ్వితే మటుకు కోపం వచ్చేది. "మీకు పరాచకంగున్నది. దొంగ సుత ఇక్కడ్నే ఏడనో ఉండి ఇంటడు" అనేది.

ఆమె నన్ను ఎన్ని తిట్లు తిట్టిందో! యాదగిరిగుట్టకు పోతూ ఫోనులో స్టేటస్ పెట్టుకున్నానని వారం రోజులు మాట్లాడలేదు. "దొంగలను అన్నానికి పిలుస్తానవా? ఇగో మేం లేము, రాండ్రి, బీరువా ఈడున్నది అని?" అంది. ఇంటికి పెద్ద తాళం వేస్తే తిట్టింది, వేయకపోతే తిట్టింది. ఆమె లెక్క ప్రకారం ఇల్లు చప్పుడు చేస్తూ ఉండాలి. "ఇల్లు మూగగున్నదంటె దొంగకు తెలుస్తది చెల్లె. మనకు కాదు, వానికి వినవడ్తది" అనేది. అందుకే మేము ఊరికి పోయినప్పుడు మా ఇంట్లోకి వచ్చి మా ఆయనను కూడా తిట్టిపోయేది. మా ఆయన బస్సులో ఉండేవాడు, ఇక్కడ మాత్రం తిట్లు పడుతుండేవి.

ఆ దగ్గు ఒకసారి నన్ను కాపాడింది. మా ఆయన ఏదో ట్రైనింగని హైదరాబాద్ పోయాడు. నాకు జ్వరం, ఆఫీసుకు సెలవు పెట్టాను. పట్టపగలు ఇద్దరు వచ్చారు, ఇన్‌షర్టు చేసుకుని, చేతిలో బ్యాగులతో. నగలకు మెరుగు పెట్టే పౌడరు, కంపెనీ ప్రచారం, ఉచితం అన్నారు. నేను వద్దంటూనే ఉన్నాను, ఒకడు అప్పటికే వరండాలో కూర్చుని గిన్నెలో నీళ్ళు అడుగుతున్నాడు. రెండోవాడి చూపు నా మెడలో గొలుసు మీదే ఉంది. కొంగు మెడ చుట్టూ కప్పుకున్నాను.

గోడ అవతల నుంచి దగ్గు మొదలైంది. ఆగలేదు. దగ్గుతూనే కుర్చీ జరిపిన చప్పుడు. ఆపైన ఆమె గొంతు: "ఇగో, మరిది లేశిండా సూడు! రాత్రి డ్యూటీ చేసి అచ్చిన పోలీసాయన, నిద్ర చెడగొడితె ఊకుంటడా? ఎవలాళ్ళు, ఏం పని? మీరిద్దరు అన్నదమ్ములు పోయి అడుగుండ్రి జర."

పౌడరువాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నీళ్ళ మాట మరిచి గేటు బయట పడ్డారు. మా ఆయన పంచాయతీరాజ్‌లో గుమాస్తా. పోలీసు ఉద్యోగం ఆ ఒక్క పూట చేశాడు.

వాళ్ళు పోయాక ఆమె కారప్పొడి డబ్బా చేతిలో పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "నువ్వేందే, గాలి తలిగినట్టు నిలవడ్డవ్! కోడలు పిల్ల లెక్క తల వంచుకుంటరా దొంగల ముందట?" అని తిట్టి, నాకు చాయ్ పెట్టి ఇచ్చి, అప్పుడు కూలబడింది. కారప్పొడి డబ్బా మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "అక్కా, నీకు భయమైందా?" అన్నాను. "కాదానే మరి? నేనొక్కదాన్నే గద ఇద్దరి లెక్క దగ్గింది" అంది.

ఆ రోజే నేను ఇన్నాళ్ళూ అడగాలనుకున్నది అడిగాను. "అక్కా, పోయేవి అప్పుడే పోయినయి. ఇప్పుడు నీ ఇంట్ల ఏమున్నదని ఇంత కష్టం?"

ఆమె నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఏమున్నదేంది? ఇల్లున్నది. ఆయన అచ్చేసరికి ఎట్లున్నది అట్ల ఉండొద్దా? అప్పుడు రేడియో పోయింది. అచ్చినంక రేడియో ఏదే అని అడిగితె ఏం చెప్పాలె? ఇంకొకటి పోయిందనుకో, నేనేం కావలి కాసినట్టు?"

అందుకే ఆమె ఒక్క పూట కూడా ఇల్లు విడిచి ఎక్కడా పడుకోలేదు. చెల్లెలి బిడ్డ పెళ్ళికి పొద్దున పోయి తలంబ్రాలు పడీ పడకముందే తిరిగి వచ్చింది. మేడారం జాతరకు వాడంతా కట్టకట్టుకుని పోతే ఆమె అమ్మవార్లకు 'బంగారం' అని మొక్కే బెల్లం మాత్రం పంపింది, తను రాలేదు. "ఆయన అచ్చేపాటికి తలుపుకు తాళం కనవడొద్దు చెల్లె. అంత దూరం నుంచి అచ్చి, తాళం చూసి, ఎటు పోతడు?" అంది.

ఎటు పోతడు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

పోయిన చలికాలం తరువాత ఒక ఆదివారం. వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతున్నాను. భుజానికి సంచి, నెత్తి నెరిసిన ఒకాయన గేటు దగ్గర ఆగి, అక్క భర్త పేరు చెప్పి ఇల్లు ఇదేనా అని అడిగాడు. నా చేతిలో చేట ఆగింది. ఆ పేరు పెట్టి అడిగినవాళ్ళు ఇన్నేళ్ళలో ఎవరూ లేరు.

"పక్కదే. మీరెవరు?"

"మాది పరకాల దిక్కమ్మా. భీవండిల ఆయన, నేను ఒక్క కార్ఖానల పని చేసినం. ఒక్క అర్రల కిరాయికున్నం." గొంతు తగ్గించాడు. "ఆయన పోయిండు. ఊపిరితిత్తులు కరాబైనయి. దవాఖాన్ల ఏసినం గని దక్కలె. ఆమెకు చెప్పాల్నా వద్దా అని అప్పటిసంది తండ్లాట. ఊరికి అచ్చిన గదా అని ఈడిదాక అచ్చిన. గని ఏమని పోవాలె? ఆమె సంసారం ఆమెకున్నది. ఇప్పుడు పోయి చెప్తె ఆయన ఏమనుకుంటడో."

"ఏ ఆయన?" అన్నాను.

అప్పుడే గోడ అవతల దగ్గు మొదలైంది. కొత్త మనిషి గొంతు విన్నది కదా. "ఇగో, బయట ఎవలో అచ్చిండ్రు. అంగీ తొడుక్కొని జర చూసి రా."

పరకాల ఆయన సంచి భుజానికెత్తుకున్నాడు. "విన్నవా బిడ్డా? నేను పోత. ఆయన సుత గిట్లనే ఎల్లిపోయిండు."

చేట కింద పెట్టి గేటు దగ్గరికి పోయాను. "ఆయన వచ్చిండా? ఎప్పుడు?"

"అచ్చిండు. ఒక మేడారం జాతర అయిన ఏడు. అంతకుముందు సాంచా మిషన్ల చెయ్యి నలిగి రెండేళ్ళు పని లేకుండ తిరిగిండు. ఒట్టి చేతులతోటి ఏ మొకం పెట్టుకొని పోవాలె అనేటోడు. మళ్ళ నిలదొక్కుకున్నంక, మేమే ఒత్తిడి పెట్టి రైలెక్కిచ్చినం. మూడో నాడే తిరిగొచ్చిండు. ఏమైందిరా అంటె, ఆ మూల మీద నిలవడి చూసిన అన్నడు. గడప ముందట మొగోని చెప్పులున్నయంట. దండెం మీద లుంగీ ఆరుతాందంట. లోపలికెల్లి ఆమె, 'అన్నం సల్లారుతాంది, లెవ్వు' అని పిలుస్తాందంట. ఒక్క మాట తప్పు మాట్లాడలేదమ్మా ఆమెను. 'నేను అన్నేండ్లు పత్తా లేకపోతి, ఆమె మాత్రం ఏం చేస్తది? మంచిగ బతుకుతాంది, బతుకనీ' అన్నడు. మళ్ళ ఎన్నడు ఇంటి ఊసెత్తలె."

నేను ఆయన చెయ్యి పట్టుకుని గేటులోంచి లోపలికి లాగాను. "అన్నా, ఆ ఇంట్లో ఎవ్వరూ లేరు. ఎన్నడూ లేరు. అవి దొంగల కోసం పెట్టిన చెప్పులు."

"మరి గా దగ్గు?"

"అది ఆమెదే."

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను గోడ సంగతి మరిచిపోయాను. మా మాటలు అవతలికి వినిపిస్తాయన్న సోయే లేదు నాకు. తల ఎత్తేసరికి ఆమె మా గేటు దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటున్నదో అడగవలసిన పని లేదు, ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది.

ఏడుస్తుందనుకున్నాను. పడిపోతుందేమోనని దగ్గరికి పోయాను కూడా. ఆమె నన్ను చూడలేదు. "అన్నా, ఎండల పడి అచ్చినవ్. రా, అన్నం తిని పోదువు. ఆయనతోటి ఒక్క పళ్ళెంల తిన్నోనివి" అంది.

ఆయన వెంట నడిచాడు. నేనూ పోయాను. ఆమె పీట వేసింది, నీళ్ళు ఇచ్చింది, వేడన్నం వండి పప్పుచారు పోసింది. అన్నం కలుపుతూ ఆయన చేతి మీద కన్నీళ్ళు రాలుతున్నాయి, అయినా పళ్ళెం వదలకుండా తిన్నాడు. ఆ ఇంట్లో ఒక మగమనిషి నిజంగా కూర్చుని అన్నం తినడం నేను చూసింది అదే. ఇన్నేళ్ళూ లేని మనిషితో ఎంతో మాట్లాడిన ఆమె, ఉన్న మనిషిని ఉప్పు సరిపోయిందా అని కూడా అడగలేకపోయింది.

పరకాల ఆయన తన ఫోను నంబరు నాకిచ్చి వెళ్ళిపోయాడు. అక్క గడప దగ్గర కూర్చుంది. ఆదివారం కదా, చెప్పులు అక్కడే ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుని అడుగు వైపు తిప్పింది.

"ఆయన కాలి నంబరే చెల్లె. అరిగినప్పుడల్ల ఆయన నంబరే అడిగి కొన్న. షాపోడు పెద్దయి కొను, దొంగలు ఇంక భయపడుతరు అన్నడు. ఆయన అచ్చినంక పారేసుడెందుకు, ఆయనే తొడుగుతడు అని ఆయనయే కొన్న. ఒక్కపారి కాలు పెట్టి సూసుకున్నా తెలుస్తుండె గదనే."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు, నేను ఏడ్చాను. ఆ కానిస్టేబుల్ ఇప్పుడు ఎదురుగా కనిపిస్తే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. ఆయన మీద కూడా పిచ్చి కోపం వచ్చింది. చెప్పులు చూసి వెనక్కి పోతావా? తలుపు కొట్టి రెండు తిట్లు తిట్టినా బాగుండేది కదయ్యా! నీది మంచితనమా, పిరికితనమా? చచ్చినవాడితో ఎంతని పోట్లాడతాం?

కులపెద్దలు వచ్చారు, చేయవలసినవన్నీ చేయించారు. ఆమె దేనికీ అడ్డు చెప్పలేదు. ఆ తరువాత మా గోడ మూగబోయింది. నేను ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ అలవాటుగా చెవి పెట్టేదాన్ని. ఏమీ ఉండేది కాదు. ఇస్త్రీ బండి అన్న ఆమె అటు పోతుంటే తల తిప్పుకునేవాడు. వాడలో అందరికీ ఆ చప్పుడు ఎంత అలవాటైపోయిందంటే, అది ఆగేసరికి మాకు ఎవరికీ ఊపిరాడలేదు.

ఒకసారి సాయంత్రం పోతే తలుపు బార్లా తీసి ఉంది, ఆమె లోపలి గదిలో పడుకుని ఉంది. "అక్కా, ఏందిది? ఇట్ల తెరిచి పెడుతరా? గొళ్ళెం పెట్టుకో" అన్నాను. ఆమె చెప్పిన మాటలే ఆమెకు చెబుతున్నాను.

"ఎందుకే?" అంది. "రావాల్సినోడు అచ్చి పాయె. ఇంకెవలస్తె ఏంది?"

లోపలి గొళ్ళెం నేనే పెట్టాను, నేను బయటికి పోవాలి కదా అని గుర్తొచ్చి మళ్ళీ తీశాను. తలుపు దగ్గరగా వేసి వచ్చాను. ఆ తరువాత రోజూ నేనే పోయి చేరేసి వచ్చేదాన్ని.

ఎండలు ముదిరాక ఆమె అన్నం తగ్గించేసింది. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే రక్తం లేదన్నాడు, గోళీలు రాశాడు. ఒక మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని బత్తాయి తొనలు ఒలుస్తుంటే ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"చెల్లె, ఆ పరకాలాయనను ఒక్కటి అడుగవా?"

"ఏమడగాలె అక్కా?"

"ఆయన నన్ను చూసిండా అని."

నాకు అర్థం కాలేదు. ఆమే విడమరిచింది. "మూల మీద నిలవడ్డడన్నడు గదా. చెప్పులు చూసిండు, లుంగీ చూసిండు, మాట విన్నడు. నన్ను చూసిండా లేదా అడుగు."

అక్కడే కూర్చుని ఫోను చేశాను. స్పీకరు పెట్టమంది. పరకాల ఆయన చెప్పాడు. "చూసిండమ్మా. చెప్పిండు. పొద్దుగూకుతాంటె ఆమె బయటికచ్చి దండెం మీది బట్టలు తీసుకపోయిందంట. ఒక్కసారి ఇటు దిక్కు సుత చూసిందంట. గడ్డం పెరిగున్నది గదా, గుర్తు పట్టలేదు అన్నడు. తలుపు ఏసుకునేదాక నిలవడి, అప్పుడు కదిలిండంట."

ఫోను పెట్టేశాను. ఆమె పైకప్పు వైపు చూస్తూ పడుకుని ఉంది. ఆమె చెయ్యి మెల్లగా లేచి నెత్తి మీదికి పోయింది. చెదిరిన వెంట్రుకలను చెవి వెనక్కి సర్దుకుంది.

"ఆ పూట తల దువ్వుకున్ననో లేదో చెల్లె" అంది.